శుక్రవారం ఫోన్లు కడిగించిన మనిషి

నవనీతకృష్ణన్ పొద్దున్నే స్నానం చేసి, నామం దిద్దుకుని, పూజగూట్లో దీపం పెట్టినాక మిగిలిన పూలు పళ్లెంలో వేసుకుని ముందుగదిలోకి వచ్చేవాడు. రిపేరుకు వచ్చిన కంప్యూటర్లు అక్కడ బల్లమీద వరుసగా ఉండేవి. ఒక్కొక్కదాని నెత్తిన ఒక్కో పువ్వు పెట్టి, "లే తల్లీ, ఈరోజైనా లేచి కూర్చో" అని మెల్లగా చెప్పేవాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టేది.

ఆయనది పొల్లాచ్చి పక్కన ఒక పల్లె. పదో తరగతి దాకా తమిళంలో చదివి, సింగానల్లూరులో ఒక నూలుమిల్లులో బేళ్ళ బరువు రాసే పనిలో చేరాడు. మిల్లుకు మొదటి కంప్యూటర్ వచ్చిన రోజు అందరూ దాన్ని ముట్టడానికి భయపడ్డారు. మేనేజరు చుట్టూ చూసి, "నీ చేతులకు చెమట పట్టదు, నువ్వు కూర్చో" అన్నాడు. అట్లా కూర్చున్నవాడు మిల్లు మూతపడేదాకా లేవలేదు. ఇంటి ముందుగదే ఆ తర్వాత అంగడి అయింది. కళ్ళు కనపడని పెద్దవాళ్ళ ఇళ్ళకు తానే నడిచిపోయి, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసిపెట్టి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి వచ్చేవాడు. వీధిలో అందరికీ ఆయన కంప్యూటర్ మామ.

మూడేళ్ళ కింద ఆయనకొక ఆలోచన వచ్చింది. తమిళ ఊళ్ళలో ఉండే మన ఇళ్ళలో పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం తెరవరు. పెద్దలు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు, అందరిదీ తమిళం చదువు. కాబట్టి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, పేరు 'ఇంటిమాట' అని ఉంచి, ఒకే ఒక్క కట్టుబాటు చేశాడు: ఎవరూ రాయకూడదు, నోటితో చెప్పి పంపాలి. నలభై ఇళ్ళకు పైగా చేరాయి. యాడయాడి మాటలతో మొదలుపెట్టినా, ఆయన నడిపే గ్రూపు గనుక చర్చ చివరికి కంప్యూటర్ దగ్గరికే వచ్చేది.

ఒకసారి పని అయినాక కంప్యూటర్‌ను ఆపేయాలా, నిద్రపుచ్చితే చాలా అని ఎనిమిది రోజులు నడిచింది.

"ఆపాల. దేనికైనా ఒక ముగింపు ఉండాల," అన్నాడు నవనీతకృష్ణన్.

శరవణంపట్టిలో సాఫ్ట్‌వేర్ పనిచేసే మోహన్‌రాజ్ నవ్వాడు. "మామా, మీరు మిల్లు కాలంలోనే ఉండారు. ఇప్పటి వాటిని ఆపేదే అక్కర్లే."

బోడినాయకనూరు నుంచి ఏలక్కాయల వ్యాపారి చెన్నకేశవన్ గొంతు సవరించుకున్నాడు. "నేను రెండూ చేయను. వయరు పట్టుకుని పీకేస్తాను. అప్పుడే నాకు నిద్ర పడుతుంది."

"పెదనాన్నా, మిమ్మల్ని పోలీసులకు పట్టివ్వాల," అని మోహన్‌రాజ్.

అప్పుడు సుందరవల్లి గొంతు వచ్చింది, వెనక గిన్నెల చప్పుడుతో. "నవనీతన్నా, వదిన రాత్రి పడుకుంటుంది గదా. ఆమెను ఆపేస్తావా, నిద్రపుచ్చుతావా? ముందు అది చెప్పు, పెట్టె సంగతి తర్వాత చూద్దాం."

నలభై ఇళ్ళూ నవ్వాయి. లోపలినుంచి నవనీతకృష్ణన్ ఇంటావిడ కూడా నవ్వింది.

సుందరవల్లి ఆయనకు తోడబుట్టినది కాదు. రెండు వీధుల అవతల పంపు సామాను తయారుచేసే వర్క్‌షాపు పొన్నుసామి భార్య. ఆయనకు చెల్లెళ్ళు లేరని తెలిసినరోజు నుంచి అన్నా అని పిలవడం మొదలుపెట్టి, పండగకు పిండివంటలు పంపుతూ ఆ వరసను నిజం చేసేసింది. గ్రూపులో ఆయన మాటకు ఎదురు చెప్పనిదే ఆమెకు పొద్దుపోయేది కాదు. పాస్‌వర్డు మరిచిపోతానని చెన్నకేశవన్ గోదాము గోడమీద సున్నంతో రాసుకున్నాడని తెలిసి నవనీతకృష్ణన్ తల పట్టుకుంటే, ఆమె ఆ పెద్దాయన తరపున వాదించింది. "తెలుగులో రాసుంటే ఏం భయం? ఊరంతా వచ్చి చూసినా ఒక్కడు చదవలేడు." చెన్నకేశవన్ దిగాలుగా, "తెలుగు రాత నాకే రాదే తల్లీ," అన్నాడు.

నవ్వులు పెరిగేకొద్దీ ఫోన్లు నిండిపోయాయి. వారానికి పదిమంది అంగడికి వచ్చి, మామా, ఫోను కదలడం లేదు, అనేవాళ్ళు. తెరిచి చూస్తే అన్నీ ఇంటిమాటలే. నవనీతకృష్ణన్ ఒక గురువారం సాయంత్రం గ్రూపులో చెప్పాడు: "శుక్రవారం పొద్దున వాకిలి కడుగుతాం, ముగ్గేస్తాం. ఆ చేత్తోనే ఫోనూ కడగండి. వారంలో వచ్చిన మాటలన్నీ తీసేయండి. మాటంటే తిన్నెమీద కూర్చుని చెప్పుకునేది. దాన్ని ఎవరైనా మూటగట్టి దాచుకుంటారా?"

మనవాళ్ళు శుక్రవారం అన్న మాటకు ఎదురు చెప్పరు. ఆయన కూడా కడిగేవాడు, ఇంకోచోట దాచుకోకుండా. చెప్పిన మాట తాను తప్పకూడదని పట్టుదల. సుందరవల్లి ప్రతి శుక్రవారం ఎనిమిదికల్లా చెప్పేది, "అన్నా, వాకిలి కడిగినా, ఫోను కడిగినా. ఇక కడగాల్సింది నీ మొండితనమే."

పోయిన ఏడాది వైశాఖంలో ఇంకో పెద్ద వాదన వచ్చింది. ఇంట్లో ముఖ్యమైనవి ఎక్కడ దాచాలి? మోహన్‌రాజ్ ఆన్‌లైనులో అన్నాడు. చెన్నకేశవన్ కాగితం, ఇనప్పెట్టె అన్నాడు. నవనీతకృష్ణన్ రెండు డిస్కుల్లో రెండు నకళ్ళు అన్నాడు. మూడు రోజులు ఎవరూ తగ్గలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి సుందరవల్లి నాలుగు నిమిషాల మాట పంపింది.

"మీ ముగ్గురివీ ఒకపక్క పెట్టండి. మా ఇంటి పేరంటాళ్ళు, ముత్తయిదువులుగా పోయిన తల్లులు, పదకొండుమంది. భూమి పత్రాలు చూడండి, అంతా మగవాళ్ళ పేర్లే. ఈ పదకొండూ మా అత్త నా నోట్లో పెట్టింది. ఆమె నోట్లో వాళ్ళత్త పెట్టింది. ఎవరూ ఒక్క గీత గీయలే. వినండి ఇప్పుడు." అని ఊపిరి తీసుకోకుండా పదకొండు పేర్లూ, ఏ ఊరి ఆడబడుచో, ఏ కొడుకును కట్టుకుందో చెప్పి, చివర చెంపలు వేసుకుంది. ఆ చప్పుడు కూడా వినిపించింది. "తల్లుల్లారా, పూజ లేకుండా పిలిచినాను, మన్నించండి. ఈ మొండి అన్న కోసం."

"చెల్లెమ్మా, ఈసారికి నువ్వే గెలిచినావు," అన్నాడు నవనీతకృష్ణన్.

ఆ తర్వాత శుక్రవారం వచ్చింది. అందరూ కడిగారు.

దీపావళికి పది రోజుల ముందు సుందరవల్లి వర్క్‌షాపుకు అన్నం క్యారియర్ తీసుకుపోయి, భర్త చేయి కడుక్కునే లోపల బెంచీమీద కూర్చుని, గుండె బరువుగా ఉంది అన్నది. ఆసుపత్రి గేటు దాకా కూడా ఆమె ఊపిరి నిలవలేదు.

పదినెలలు గడిచాయి. ఒక పొద్దున పొన్నుసామి అంగడికి వచ్చి, పూలు పెట్టిన కంప్యూటర్లను కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తక్కువ మాటల మనిషి.

"బావా, ఏడాది తిరగకముందే పేరంటాళ్ళకు చీర పెట్టాల. ఆవణి నెలలో రోజు చూసినారు. సుందరవల్లిని వాళ్ళలో కలపాల."

"చేద్దాం బావా. నా వంతు ఏమి?"

"ముందు పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవాల. పిలిచి, మీ కోడలు వచ్చింది, చోటివ్వండని అడగాల. పిలవకుండా అడిగితే ఆమె వాకిట్లోనే నిలబడిపోతుంది." పొన్నుసామి బల్లమీద జారిన పువ్వొకటి సరిచేశాడు. "కోడలికి నేర్పలే. అభిరామి కడుపు పండినాక నేర్పుతానని చెప్తా ఉండె. గ్రూపులో ఒకసారి చెప్పింది గదా ఆ పేర్లు. నువ్వు కంప్యూటర్ మనిషివి, నీ దగ్గర ఉంటుంది."

చేతులకు చెమట పట్టని మనిషికి ఆరోజు అరచేతులు తడిసిపోయాయి.

సుందరవల్లి ఫోను తెప్పించాడు. పోయిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్లు తనకు తెలిసినవన్నీ పెట్టి చూశాడు. తన ఫోనులో వెతికాడు, పాత డిస్కుల్లో వెతికాడు. ఎక్కడా లేదు. మూడోరోజు కుర్చీలో నిటారుగా కూర్చుని గ్రూపులో చెప్పాడు.

"నేను నవనీతకృష్ణన్. సుందరవల్లి చెప్పిన పేరంటాళ్ళ పేర్లు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. నా దగ్గర లేవు. మాటను దాచుకోకూడదని మీకు చెప్పినవాణ్ణి నేనే. నేను చెప్పింది తప్పు. నా వల్ల ఒక ఇంటి తల్లులు తప్పిపోయినారు."

సాయంత్రం నుంచి జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి.

"అన్నా, మేము కడిగేసినాం."

"మీరు చెప్పినారు గదా అన్నా, ఆ శుక్రవారమే తీసేసినాను."

చెన్నకేశవన్ కూడా ఎగతాళి చేయలేదు. "ఆ పిల్ల చెప్పినప్పుడు కాగితం మీద రాసుకుని ఉండాల. కాగితం కాగితమని అరిచినవాణ్ణి, నేనూ రాసుకోలే," అన్నాడు.

ఒక్కరూ ఆయన్ను మాట అనలేదు. అన్నా అని పిలిచే వాళ్ళ గొంతులో ఏమాత్రం తేడా లేకపోవడమే ఆయనకు ఎక్కువ నొప్పి అయింది.

మరుసటి పొద్దున అంగడి తలుపు తీసేసరికి ఇరుళప్పన్ మెట్టు కింద నిలబడి ఉన్నాడు. మిల్లులో దూది గదులు ఊడ్చినవాడు, ఇప్పుడు బస్టాండు శుభ్రం చేసే పనిలో ఉన్నాడు. వాళ్ళింట్లోనూ తెలుగే. గ్రూపు పెట్టినప్పుడు నవనీతకృష్ణనే చేర్చాడు గానీ, ఈ మూడేళ్ళలో ఆయన గొంతు ఎవరూ వినలేదు.

"డ్యూటీ అయి వస్తాండాను అన్నా. ఫోన్లో చెప్పేదానికి నోరు రాలే. ఆ యమ్మ మాట నాకాడ ఉండాది."

"లోపలికి రా."

"పర్వాలే, ఇక్కడే…"

"లోపలికి రా ఇరుళప్పా." ఆయన చేయి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళ స్నేహంలో ఈ మనిషి తన వాకిలి దాటి లోపల అడుగు పెట్టలేదని అప్పుడే తట్టింది. ఇంటావిడ రెండు లోటాల్లో కాఫీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

"నువ్వు కడగలేదా?"

"కడగలే అన్నా. మీరు చెప్పినారు, నా తప్పే. పొద్దు లేస్తే కడిగేదే నా పని. ఫోనైనా అట్లే ఉండనీలే అనుకున్నాను." ప్లాస్టిక్ కవరులోంచి ఫోను తీశాడు. "నన్ను చేర్చిన రోజు ఒకాయన, ఈయన ఎవరింటివాడు అని అడిగినాడు. మీకు గుర్తుండదు. ఎవరూ పలకలే. ఆ యమ్మ ఒక్కతే, ఆయన తెలుగు మనకంటే పాతది, నోరు మూసుకుని విని నేర్చుకోండి అనింది. అప్పటినుంచి ఆ యమ్మ చెప్పింది ఏదీ తీయలే. వీధి ఊడుస్తా వింటాను."

నవనీతకృష్ణన్‌కు గుర్తుంది. ఆ అడిగినాయనకు తాను జవాబు చెప్పకుండా ఊరుకున్నదీ గుర్తుంది. "నేను చెప్పాల్సిన మాట అది," అన్నాడు. ఇరుళప్పన్ తల దించుకుని కాఫీ తాగాడు.

పొన్నుసామిని పిలిపించారు. కోడలు అభిరామి కూడా వచ్చింది. ఫోను బల్లమీద పెట్టి నొక్కగానే గదిలో సుందరవల్లి గొంతు లేచింది. రంగమ్మ, అలమేలమ్మ, చిన్నరంగమ్మ, తిరుమలమ్మ, కొండమ్మ, వేంకటలక్ష్మి, నాచ్చారమ్మ… ఎనిమిదో పేరు నోట్లోంచి వస్తుండగా కుక్కర్ విజిల్ వేసింది. పొడుగాటి విజిల్. అది ఆగేసరికి ఆమె గోవిందమ్మ దగ్గర ఉంది. రామక్క, కృష్ణమ్మ. అయిపోయింది.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ పెట్టారు. విజిల్ కింద ఏమీ లేదు.

పొన్నుసామి కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఆరోజు కందిపప్పు ఉడకలే. రెండోసారి పెట్టింది," అన్నాడు.

మోహన్‌రాజ్ లాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. పిల్లవాడు మంచివాడు, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చాడు. చప్పుడు వడగట్టే పద్ధతులన్నీ చేశాడు. విజిల్ తగ్గింది, దానితోపాటు గొంతూ తగ్గింది. సాయంకాలం మిగిలినవాళ్ళు వెళ్ళినాక నవనీతకృష్ణన్‌తో మెల్లగా అన్నాడు:

"మామా, అత్త గొంతు నాలుగు నిమిషాలుండాది. ఇది చాలు. ఇప్పుడు ఏ పేరు రాసిచ్చినా ఆమె గొంతుతోనే చెప్పించొచ్చు. వినండి." ఒక మీట నొక్కాడు.

"లక్ష్మమ్మ," అన్నది సుందరవల్లి. అదే గొంతు, చివర అదే చిన్న విరుపు.

నవనీతకృష్ణన్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"విజిల్ తీసేసి అక్కడ దీన్ని పెడితే అతుకు కూడా తెలీదు. ఆ కాలం ఇళ్ళలో లక్ష్మమ్మ లేనిదెక్కడ? సరిగ్గా అదే అయినా అయ్యుండొచ్చు. పొన్నుసామి మామకు మనసు కుదుటపడుతుంది. మీకూ…" అని ఆపేశాడు.

మీకూ అన్న తర్వాత ఏముందో నవనీతకృష్ణన్‌కు తెలుసు. ఒక్క మీటతో తన తప్పు ఎవరికీ కనపడకుండా పోతుంది. పేర్లు పదకొండూ నిండుతాయి. పూజ నిండుతుంది. ఆయన అవును అనకుండా, కాదు అనకుండా లేచి, చొక్కా వేసుకుని పెరుమాళ్ళ గుడికి నడిచాడు. హారతి అయింది. తీర్థం తీసుకున్నాడు. ముందు నిలబడ్డ ఒక ముసలమ్మ, అర్చకుడు గోత్రం అడిగితే, "నాకు తెలీదు సామీ, ఆయనకు తెలుసు," అని లోపల ఉన్న దేవుణ్ణి చూపించింది. అర్చకుడు మారు అడగకుండా ఆమె పేరున అర్చన చేసి, తులసి చేతిలో పెట్టాడు. నవనీతకృష్ణన్ అది చూస్తూ కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మోహన్‌రాజ్ ఇంకా ఉన్నాడు.

"తీసేయిరా అది."

"మామా, నేను మంచికే…"

"తెలుసురా, నీ మనసు నాకు తెలీదా. పోయిన మనిషి నోట ఆమె అనని మాట అనిపించొద్దు. ఎవరో ఒక తల్లి ఆ ఇంట్లో పుట్టెడు చాకిరీ చేసి పోయింది. ఆమె స్థలంలో లేని లక్ష్మమ్మను కూర్చోబెడితే ఆమెను నేను రెండోసారి చెరిపినట్టు."

మోహన్‌రాజ్ మీట నొక్కి తీసేశాడు. వాదించలేదు. వెళ్ళేముందు వంగి ఆయన కాళ్ళు తాకాడు.

ఆ రాత్రికి ఆగకుండా నవనీతకృష్ణన్ పొన్నుసామి ఇంటికి పోయి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "తప్పు నాది బావా. ఒక పేరు పోయింది. దాన్ని అబద్ధంతో పూడ్చలేను. ఏం చేయమంటావో చెప్పు."

పొన్నుసామి తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. "పేరు తెలియనంత మాత్రాన ఆమెను విడిచిపెడతామా? ఆమెనూ పిలుద్దాం. ఎట్ల పిలవాలనేది అభిరామి చూసుకుంటుంది."

అభిరామికి తెలుగు మాటలు వచ్చు, పాత పేర్లు నోరు తిరగవు. తొమ్మిది రోజులు కూరగాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ అత్త గొంతు వెంటే పలికి నేర్చుకుంది. ఎక్కడా రాసుకోలేదు. ఆమె భర్త శరత్‌కుమార్, "తమిళంలోనైనా రాసిపెట్టుకో," అంటే, "అత్త రాసిందా?" అని ఊరుకోబెట్టింది. అయినా ఆ నాలుగు నిమిషాలనూ నవనీతకృష్ణన్ మూడుచోట్ల భద్రం చేసి, ఒకటి ఇరుళప్పన్ ఫోనులో అట్లే ఉండనిచ్చాడు.

పూజరోజు పొన్నుసామి తానే బస్టాండుకు పోయి ఇరుళప్పన్‌నూ ఆయన భార్యనూ పిలుచుకొచ్చాడు. నట్టింట్లో పీట మీద మడత విప్పని కొత్త చీర, ముందు అరిటాకు, ఆకుమీద పసుపుకొమ్ములు. అభిరామి ఒక్కో పేరు పిలిచి ఒక్కో కొమ్ము చీర పక్కన పెడుతోంది. రంగమ్మ. అలమేలమ్మ. నాచ్చారమ్మ దాకా తడబడకుండా వచ్చింది.

అక్కడ చేయి ఆగింది. నవనీతకృష్ణన్ గోడకు ఆనుకున్నాడు.

అభిరామి ఎనిమిదో కొమ్ము రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "అమ్మా, నీ పేరు మా దాకా రాలే. నీకు తెలుసు గదా నీ పేరు. నువ్వే రా తల్లీ," అని, మిగతావాటికంటే మెల్లగా దాన్ని వరుసలో పెట్టింది. పెద్ద ముత్తయిదువు ఒకామె, "వచ్చింది, వచ్చింది," అన్నది. గోవిందమ్మ. రామక్క. కృష్ణమ్మ.

చివరి కొమ్ము మిగిలింది. అత్త పేరు కోడలు నోటితో అనడం ఆ ఇంట్లో లేదు, ఇదొక్క రోజు తప్ప. అభిరామి దాన్ని చేతిలోకి తీసుకుంది. రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి, "సుందరవల్లమ్మ," అన్నది. "మీ కోడలు వచ్చింది తల్లుల్లారా. కొంచెం జరిగి చోటివ్వండి."

అన్నాల వేళ నవనీతకృష్ణన్ వాకిట్లోకి జారుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఎదురుగా కూర్చుని తినే మొహం లేదు. పొన్నుసామి వెనకే వచ్చి భుజం పట్టుకున్నాడు.

"యాడికి?"

"లేదు బావా, అంగడిలో కొంచెం…"

"పుట్టింటి తరపున అన్న మొదటి ముద్ద తినాల. ఆమెకు నువ్వు తప్ప ఎవరుండారు? నువ్వు తినకపోతే ఇంతమందీ ఆకుల ముందు కూర్చుని ఉండాల."

లోపల మొదటి ఆకు వేసి ఉంది. దాని పక్క ఆకు ముందు ఇరుళప్పన్ చేతులు కట్టుకుని కూర్చుని, ఆయన కోసం చూస్తున్నాడు. నవనీతకృష్ణన్ వెళ్ళి కూర్చున్నాడు. పీట మీది కొత్త చీర కట్టుకుని అభిరామి అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి పోసింది. ఆయన ముద్ద కలిపాడు. చేయి నోటిదాకా పోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.